రామమోహనరాయలవారును సహగమన నిషేధమును

సంఘదోషములను క్రమముగా మాన్పవలెనా, ఒక్క పెట్టున ఛేదింపవలెనా యని సందేహించువారు రాజా రామమోహనరాయలవారి చరిత్రమును తలఁపవలెను.

1818వ సంవత్సరమున వారు సహగమనమును ఖండించుచు వంగభాషలో గ్రంథమును ప్రకటించిరి. శాస్త్రవాక్యములతోనే పండితులకు బదులు చెప్పిరి. కలకత్తా శ్మశానములకు స్వయముగా నేగి మృతుల బంధువులను వారింపఁ బ్రయత్నించిరి. 1829లో గవర్నరు జనరలగు బెంటింకు ప్రభువు అభిప్రాయ మడుగఁగా, బహిరంగశాసనము ప్రజలకు శంకను గలిగించుననియు, ఆటంకములను హెచ్చించి యా యాచారమును నిశ్శబ్దముగా నణఁచుట మేలనియుఁ జెప్పిరి. ప్రభువు దాని కొడంబడక డిసెంబరు 4వ తేదీన నిషేధశాసనమును జేసెను.

తమ యాలోచన చెల్లలేదని రాయలవారు విముఖులు కాలేదు. పూర్వాచారపరులు ఇంగ్లండునకు అపీలు చేసికొనఁగా, తామును 1831లో నచటికిఁ జేరి శాసనమును సమర్థించిరి. 1832లో అపీలు కొట్టివేయఁబడెను. 1833 సెప్టెంబరు 27వ తేదీన బ్రిస్టలు నగరమున వారు దేహము చాలించిరి.

పదునొకండేండ్ల బోధ లేకున్న ఆ శాసనమునకు దేశీయులలో నండ దొరకుట దుర్లభము. శాసనమే లేకున్న, బోధ ఫలించులోపల నింక నెందఱు స్త్రీలు దగ్ధమయ్యెడివారో! ఓర్పు మంచిదే, కాని దాని వెలను ఓర్పు బోధించువారు గాక చితిపై నున్నవారు చెల్లించుచున్నపుడు ఆలస్యము ధర్మము కాదు.