చెవినే ప్రమాణంగా నిలిపిన రచయిత: కాంప్టన్ మెకంజీ

మా చిన్ననాట పెండ్లిమర్రి ప్రాంతంలో పెండ్లి జరిగినదంటే పందిటికి ముందే మైకుసెట్టు వచ్చేది. వేపకొమ్మకు కట్టిన బూరలోనుంచి నాటక పద్యమో, సినిమా పాటో ఊరంతా వినిపించేది. ఒక్కొక్కప్పుడు రికార్డు గరగరలాడేది. అప్పుడు అరుగుమీద కూర్చున్న పెద్దాయన ఎవరో ముల్లు అరిగినదని గ్రహించి, దానిని మార్చుమని మైకు కుర్రవానిని కేకవేసేవాడు. ఆయనకు యంత్రశాస్త్రం తెలియదు. పద్యం ఎట్లుండవలెనో తెలుసు. అది అట్లు వినబడలేదని మాత్రమే ఆయన చెప్పినాడు. విమర్శకు మూలం ఇదే.

నేటి విద్యార్థులు చెవిలో పెట్టుకొనే చిన్న పరికరం కొనవలెనన్నా, ముందుగా దానిని పరీక్షించినవారి అభిప్రాయం తెలుసుకొంటున్నారు. ధ్వనియంత్రాలను, రికార్డులను ఈ విధంగా విని, తూచి, గుణదోషాలు చెప్పే సంప్రదాయాన్ని పత్రికా రూపంలో నిలబెట్టినవారిలో అగ్రగణ్యుడు సర్ కాంప్టన్ మెకంజీ. ఆయన సంగీత విద్వాంసుడు కాడు, యాంత్రికుడూ కాడు. కథలు వ్రాసి జీవించిన నవలాకారుడు.

మెకంజీ 1883 జనవరి 17వ తేదీన ఇంగ్లండులోని వెస్ట్ హార్టిల్‌పూల్ పట్టణంలో నాటకరంగ కుటుంబంలో జన్మించినాడు. తండ్రి ఎడ్వర్డ్ కాంప్టన్ నటుడు, నాటక సమాజానికి అధిపతి. సోదరి ఫే కాంప్టన్ తరువాతి కాలంలో ప్రసిద్ధ నటి అయినది. మెకంజీ ఆక్స్‌ఫర్డులోని మాడ్లిన్ కళాశాలలో చరిత్ర చదివినాడు. 1913, 1914 సంవత్సరాలలో రెండు సంపుటాలుగా వెలువడిన సినిస్టర్ స్ట్రీట్ అనే నవల ఆయనకు గొప్ప పేరు తెచ్చినది. మొదటి ప్రపంచయుద్ధంలో గాలిపోలీ రంగంలోను, పిదప గ్రీసు దేశంలో గూఢచారి శాఖలోను పనిచేసినాడు.

యుద్ధానంతరం ఆయనకు ద్వీపవాసంపై మక్కువ కలిగినది. ఇంగ్లీషు చానల్‌లోని హెర్మ్, జెతూ అనే చిన్న దీవులలో కొంతకాలం కాపురమున్నాడు. చుట్టూ సముద్రం. కచేరీకి పోదమంటే పడవ ఎక్కవలెను, గాలి అనుకూలించవలెను. అట్టి ఏకాంతంలో ఉన్న సంగీతప్రియునికి గ్రామఫోను ఆటవస్తువుగా గాక, లోకంతో సంబంధం కలిపే వారధిగా తోచుట సహజం. ఆనాటి పండితులు ఆ పెట్టెను చులకనగా చూచేవారు. మెకంజీ దానిని గురించి 1922లో ఒక దినపత్రికలో వ్యాసం వ్రాసినాడు. దానికి వచ్చిన స్పందన చూచి, తనవంటి శ్రోతలు దేశమంతటా ఉన్నారని గ్రహించినాడు.

1923 ఏప్రిల్‌లో ది గ్రామఫోన్ అనే మాసపత్రిక తొలి సంచిక వెలువడినది. మెకంజీ సంపాదకుడు. ఆయన బావమరిది క్రిస్టఫర్ స్టోన్ కుడిభుజం. వర్తకుల కోసం నడిచే పత్రికలు అంతకుముందే ఉన్నవి. ఈ పత్రిక శ్రోతతో మాట్లాడినది. ఏ రికార్డు కొనదగినది, ఏది కొనదగనిది, ఏ గాయకుని స్వరం పళ్ళెంమీద నిలిచినది, ఏ బూర మంచిది, ఉక్కుముల్లు మేలా, వెదురుముల్లు మేలా అనే చర్చలు దానిలో నెలనెలా సాగినవి. రికార్డులు తయారుచేసేవారి ప్రకటనలు ఆ పత్రికలోనే అచ్చయ్యేవి. వారి సరుకు మంచిచెడ్డలూ ఆ పుటలలోనే తేలవలెను. ఈ చిక్కు నేటి సమీక్షకునికి కూడా తీరలేదు.

1924లో లండన్ నగరంలోని స్టైన్‌వే హాలులో ఈ పత్రిక గ్రామఫోనులకు పోటీ ఏర్పాటు చేసినది. వేర్వేరు యంత్రాలను సభలో వినిపించి వాటి తారతమ్యం నిర్ణయింపజేసినది. వర్తకుని మాటను నమ్మి కొనే దశనుండి, పక్కపక్కన పెట్టి విని ఎంచుకొనే దశకు శ్రోతను నడిపించిన ప్రయత్నమిది.

ఆ సంవత్సరమే పెర్సీ విల్సన్ అనే గణితజ్ఞుడు పత్రికకు సాంకేతిక సలహాదారుగా తోడ్పడసాగినాడు. ఆయన పరిశీలించిన విషయం మన లెక్కల ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగినది. రికార్డు గీసేటప్పుడు గీసే ముల్లు పళ్ళెం అంచునుండి నడిమికి సరళరేఖలో కదులుతుంది. వినిపించే ముల్లు ఒక కీలుమీద తిరిగే చేతికి అమర్చబడి ఉంటుంది గనుక వృత్తచాపంలో కదులుతుంది. గాడికి స్పర్శరేఖగా ఉండవలసిన ముల్లు అందువలన పక్కకు తిరుగుతుంది. ధ్వని చెడుతుంది, గాడి అరుగుతుంది. చేతిని కొంచెం పొడిగించి, ముల్లున్న కొసను తగిన కోణంలో వంచినచో ఈ దోషం చాలవరకు తగ్గుతుందని విల్సన్ లెక్క కట్టి చూపినాడు. నేటి రికార్డు ప్లేయర్లలో చేయి వంకరగా కనబడుటకు కారణం ఈ జ్యామితియే.

పన్నెండంగుళాల లక్కపళ్ళెం ఒకవైపు సుమారు నాలుగున్నర నిమిషాలే పలికేది. పెద్ద రచనలను కంపెనీలు కత్తిరించి అచ్చువేసేవి. ఈ లోపాన్ని విమర్శించి ఊరకుండక మెకంజీ 1924లో నేషనల్ గ్రామఫోనిక్ సొసైటీని స్థాపించినాడు. చందాదారుల సొమ్ముతో బీథోవెన్ మొదలైనవారి రచనలను కోతలు లేకుండ రికార్డు చేయించినాడు. తరువాత జగత్ప్రసిద్ధుడైన జాన్ బార్బిరోలీ యువకుడుగా ఉన్నప్పుడు ఈ సంఘానికి వాద్యబృందాన్ని నడిపినాడు.

మెకంజీ జీవితంలో ఉపాధ్యాయులు ముఖ్యంగా గమనింపదగిన ఘట్టం 1925లో వచ్చినది. అంతవరకు గాయకుడు పెద్ద బూరముందు నిలిచి పాడితే, ఆ ధ్వనిబలమే మైనంమీద గాడిని గీసేది. ఆ యేడు మైక్రోఫోను, విద్యుచ్ఛక్తి వచ్చినవి. కొత్త రికార్డులలో ధ్వనుల విస్తృతి ఎంతో పెరిగినది. మెకంజీ వాటిని విని సంతోషించలేదు. ఊష్మాక్షరాలు కీచుమంటున్నవని, వయొలిన్ల మాధుర్యం పోయినదని తీవ్రంగా ఖండించినాడు. ఆయన చెవి పొరపడలేదు. పాత ధ్వనులకై చేసిన యంత్రాలమీద కొత్త రికార్డు కరకుగానే పలికేది. అయితే తీర్పులో పొరపాటున్నది. యంత్రం దోషాన్ని ఆయన పద్ధతికి ఆరోపించినాడు.

తరువాత కొత్త రికార్డులకు తగిన యంత్రాలు వచ్చినవి. మెకంజీ మరల విన్నాడు. తన అభిప్రాయాన్ని మార్చుకొన్నాడు, అదీ తన పాఠకుల ఎదుటనే. పేరుప్రతిష్ఠలున్న సంపాదకునికి మొదటిమాటను పట్టుకొని వ్రేలాడుట సులభం. అట్లు చేసియుంటే పత్రిక పాతకాలపు బూరలతోపాటే అటకెక్కియుండేది. మరల వినగల ఓపిక, విన్నదానికి తలయొగ్గగల వినయం ఆ పత్రికను బ్రతికించినవని నా అభిప్రాయం. తరగతిలో తప్పు చెప్పి, మరునాడు ఆ తప్పును తానే దిద్దుకొన్న గురువునే శిష్యులు ఎక్కువగా నమ్ముతారు గదా!

ఈ కథలో మన దేశానికీ పాలున్నది. ఆ పళ్ళేలకు ప్రాణమైన లక్క అధికభాగం భారతదేశపు అడవులనుండే పోయేది. 1908 నుండి కలకత్తాలోనే రికార్డుల కర్మాగారం ఉండేది. 1928లో డమ్‌డమ్‌లో కొత్తది వెలసినది. మన నాటక పద్యం కూడా మూడు నాలుగు నిమిషాల హద్దులో ఒదిగి, పల్లెపల్లెకు పోయినది.

మెకంజీ జీవితం సాఫీగా సాగలేదు. యుద్ధకాలపు అనుభవాలతో 1932లో ఆయన ప్రకటించిన గ్రీక్ మెమొరీస్ గ్రంథం ప్రభుత్వ రహస్యాలను బయటపెట్టినదని అభియోగం వచ్చినది. 100 పౌన్ల జుల్మానా పడినది. ఆ మరుసటి యేడే గూఢచారి శాఖను పరిహసిస్తూ ఒక నవల వ్రాసి ఆయన బదులు తీర్చుకొన్నాడు. స్కాట్లండు జాతీయోద్యమంలో పాల్గొని, బారా ద్వీపంలో ఇల్లు కట్టుకొన్నాడు. రెండవ ప్రపంచయుద్ధంలో భారతసైన్యం చేసిన పోరాటాల చరిత్ర వ్రాయుటకై 1946-47లో మన దేశంలోను, తూర్పుదేశాలలోను పర్యటించినాడు. ఈస్టర్న్ ఎపిక్ అనే ఆ గ్రంథం తొలి సంపుటం 1951లో వెలువడినది. 1947లో ప్రకటించిన విస్కీ గలోర్ అనే హాస్యనవల చలనచిత్రంగా కూడా వచ్చి ఆయన పేరును ఇంటింటికి చేర్చినది. 1952లో సర్ బిరుదు లభించినది.

పత్రికను మాత్రం ఆయన విడువలేదు. లక్కపళ్ళెం పోయి, ఇరవై నిమిషాలకు పైగా పలికే లాంగ్‌ప్లే రికార్డు వచ్చుటను, దానివెంట స్టీరియో వచ్చుటను సంపాదకునిగానే చూచినాడు. 1961 వరకు ఆ బాధ్యత వహించినాడు. 2023లో నూరేండ్లు నిండిన ఆ పత్రిక నేటికీ వెలువడుతున్నది.

1972 నవంబరు 30వ తేదీన 89 యేండ్ల వయస్సులో ఎడింబరోలో మెకంజీ కన్నుమూసినాడు. ఆయనను బారా ద్వీపంలో ఖననం చేసినారు. ఆనాడు వాన కురుస్తున్నది. ఎనభై దాటిన కాలమ్ జాన్‌స్టన్ అనే మిత్రుడు ఆ వానలోనే తిత్తివాద్యం ఊదుతూ శవపేటిక వెంట నడిచినాడు. వాయించుట ముగిసిన కొద్దిసేపటికే అక్కడనే కుప్పకూలి ప్రాణం విడిచినాడు.

జీవితమంతా యంత్రం పలికే ధ్వనిని తూచినవానికి తుదివీడ్కోలు చెప్పినది యంత్రం కాదు, ఒక వృద్ధుని ఊపిరి. మెకంజీ తన పత్రికలో ప్రతి బూరకు, ప్రతి ముల్లుకు పెట్టిన పరీక్ష కూడా ఇదే: ఆ ఊపిరి ఎంతవరకు చెవికి చేరినది?