థామస్ డావెన్‌పోర్ట్

థామస్ డావెన్‌పోర్ట్ (1802 జూలై 9 - 1851 జూలై 6) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన కమ్మరి, విద్యుత్ మోటారు రూపకర్తలలో ఒకడు. విద్యుత్ మోటారుకు అమెరికాలో మొట్టమొదటి పేటెంటు పొందినవాడు ఇతడే. వృత్తాకారపు పట్టాలపై విద్యుచ్ఛక్తితో తిరిగే చిన్న బండిని కూడా నిర్మించాడు. బొమ్మ రైళ్ళకు, గాడి వెంట పరుగెత్తే స్లాట్ కార్లకు దానిని పూర్వరూపంగా భావించవచ్చు.

బాల్యం, వృత్తి

డావెన్‌పోర్ట్ వెర్మాంట్ రాష్ట్రంలోని విలియమ్స్‌టౌన్‌లో జన్మించాడు. పదేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయి, 14వ ఏట ఒక కమ్మరి వద్ద పనికి కుదిరాడు. బడిచదువు స్వల్పమే. 1823లో బ్రాండన్ చేరి అక్కడ సొంత కొలిమి పెట్టుకున్నాడు. 1827లో ఎమిలీ గాస్‌ను వివాహమాడాడు.

అయస్కాంతం కొనుగోలు

న్యూయార్క్ రాష్ట్రంలోని క్రౌన్ పాయింట్ ఇనుప కర్మాగారంలో ముడిఖనిజాన్ని శుద్ధిచేసే పనికి జోసెఫ్ హెన్రీ రూపొందించిన విద్యుదయస్కాంతాన్ని వినియోగించేవారు. 1833లో దానిని చూసిన డావెన్‌పోర్ట్ మనసు కొలిమిపై నిలువలేదు. చేతిలో సొమ్ము చాలక, సోదరుని గుర్రాన్ని మారకం వేయించి అయస్కాంతాన్ని సంపాదించాడు. ఇంటికి తెచ్చిన వెంటనే దానిని పనిచేయించి చూడక, విప్పివేశాడు. ఒక్కొక్క చుట్టు విప్పుతూ ఉంటే ఎమిలీ ఆ వరుసను కాగితంపై వ్రాసింది. క్రొత్త అయస్కాంతానికి తీగచుట్లు ఒకదానికొకటి తగలకుండా ఆమె తన పెళ్ళినాటి పట్టుదుస్తులను పేలికలుగా చింపి ఇచ్చిందని చెబుతారు. ఈ పరిశోధనలో ఆమె పాత్ర పేటెంటు పత్రాలకు ఎక్కలేదు.

మోటారు నిర్మాణం

1834లో ఆరెంజ్ స్మాలీ అనే మరొక కమ్మరి సహాయంతో మోటారు సిద్ధమయింది. ఇందులోని అసలు చిక్కు తిరగడం కాదు, ఆగకుండా తిరగడం. ఇరుసుకు బిగించిన విద్యుదయస్కాంతం ఎదుటి ధ్రువంచేత ఆకర్షింపబడి, దానికి సరిగా ఎదురుగా రాగానే నిలిచిపోతుంది. ఆ క్షణంలోనే తీగలోని ప్రవాహదిశ మారితే ఆకర్షణ వికర్షణగా మారి ముందుకు నెట్టబడుతుంది. ఇరుసుపై అమర్చిన లోహపు ముక్కలు, వాటిని ఒరుసుకుంటూ విద్యుత్తును అందించే స్పర్శలు ఈ పని చేశాయి. వీటినే నేడు కమ్యుటేటర్, బ్రష్‌లు అంటున్నారు.

ఇంగ్లండులో స్టర్జన్ 1832లోను, ప్రష్యాలో యాకోబీ 1834లోను మోటార్లు చేశారు. కనుక ప్రపంచంలో తొలి మోటారు ఇతనిదేనన్న ప్రచారం పూర్తిగా నిలువదు. అయితే ఆ పండితుల కృషి ఈ పల్లె కమ్మరికి తెలియదు.

పేటెంటు

1835లో వాషింగ్టన్ వెళ్ళినప్పటికీ దారిఖర్చులకే సొమ్ము అయిపోయి దరఖాస్తు చేయకుండానే తిరిగివచ్చాడు. మళ్ళీ ప్రయత్నించగా, సమర్పించిన నమూనా 1836 డిసెంబరులో పేటెంటు కార్యాలయంలో జరిగిన అగ్నిప్రమాదంలో దగ్ధమయింది. మరొక నమూనా చేసి పంపి, 1837 ఫిబ్రవరి 25న 132వ నంబరు పేటెంటు పొందాడు. రాన్సమ్ కుక్ భాగస్వామిగా కంపెనీ పెట్టి వాటాలు అమ్మినా వ్యాపారం సాగలేదు. 1840లో న్యూయార్క్‌లో తన మోటారుతో నడిచే ముద్రణ యంత్రంపై విద్యుత్తు గురించిన పత్రికను అచ్చువేశాడు. అది కూడా ఎక్కువకాలం నడవలేదు.

ఈ వైఫల్యానికి కారణం మోటారు కాదు, బ్యాటరీ. ఆనాటి బ్యాటరీలు జింకును హరించేవి. జింకు ఖర్చుతో పోలిస్తే ఆవిరియంత్రంలో కాలే బొగ్గు ఎంతో చవక. 1840లలో జూల్ లెక్కలు కట్టి ఈ సంగతినే తేల్చాడు. డైనమో వాడుకలోకి వచ్చేవరకు మోటారుకు మంచిరోజులు రాలేదు. డావెన్‌పోర్ట్ 49వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు వెర్మాంట్‌లోని సాలిస్‌బరీలో మరణించాడు. రిచ్‌మండ్ నగరంలో స్ప్రేగ్ విద్యుత్ ట్రాములు నడిచింది 1888లో.

బొమ్మకార్లలో

ఫ్రెడ్ ఫ్రాన్సిస్ రూపొందించిన స్కేలెక్స్‌ట్రిక్ స్లాట్ కార్లు 1957లో ఇంగ్లండులోని హారోగేట్ బొమ్మల ప్రదర్శనలో వెలువడ్డాయి. వాటి బొటనవ్రేలంత మోటారులోనూ కమ్యుటేటర్, బ్రష్‌ల పద్ధతే ఉంది. పాత కార్లను బాగుచేసేవారికి ముందుగా పని పడేది ఈ భాగాలతోనే. బ్రష్‌లు ఒరిపిడికి అరిగి పొట్టివవుతాయి, వాటిని నొక్కిపట్టే స్ప్రింగులు వేడికి బిగువు కోల్పోతాయి. అప్పుడు రెండింటినీ జతగా మార్చి, కమ్యుటేటర్‌పై పేరుకున్న నల్లని పొడిని తుడవాలి. తీగచుట్ట కాలిపోతే మాత్రం ఆర్మేచర్‌నే మార్చాలి, లేదా తీగను మళ్ళీ చుట్టాలి. పూర్వం ఎమిలీ పట్టుపేలికలు చేసిన పనిని ఈ తీగపై పూసిన సన్నని ఎనామిల్ పొర చేస్తుంది.

డావెన్‌పోర్ట్ పేటెంటు నమూనా స్మిత్‌సోనియన్ సంస్థ సేకరణలో ఉంది.