తకాచ్ ఎడమ చెయ్యి

హంగరీ దేశంలో పేర్లు రాసే పద్ధతి మన తెలుగువాళ్లకు వింతగా ఉండదు. అక్కడ కూడా ఇంటిపేరే ముందు, సొంత పేరు తర్వాత. అందుకే ప్రపంచం కారోయ్ తకాచ్ అని పిలిచే ఆటగాడు తన దేశంలో తకాచ్ కారోయ్. హంగేరియన్ భాషలో తకాచ్ అంటే నేతపనివాడు అని అర్థం. ఈయన మాత్రం మగ్గం జోలికి పోకుండా సైన్యంలో చేరి పిస్తోలు పట్టాడు.

1910 జనవరి 21న బుడాపెస్ట్‌లో పుట్టాడు. పాతికేళ్లు దాటేసరికి పిస్తోలు గురిలో ప్రపంచంలోని మేటివాళ్లతో సమానంగా నిలబడ్డాడు. అయినా 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు ఆయనను పంపలేదు. గురిలో లోపమేమీ లేదు, హోదా అడ్డం వచ్చింది. హంగరీ జట్టులో సైనికాధికారులకే చోటు అన్న నియమం ఉండేది. తకాచ్ సార్జెంటు, అంటే మన సైన్యంలో హవల్దారు లాంటివాడు. మీలో హవల్దార్ల పిల్లలు చాలామందే ఉంటారు కాబట్టి ఆ మాట ఎంత నొప్పించి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. బెర్లిన్ పోటీలు ముగిశాక ఆ నియమం తొలగించారు. తకాచ్ కళ్లన్నీ 1940 ఒలింపిక్స్ మీదే.

1938లో సైనిక శిక్షణ జరుగుతుండగా, లోపమున్న ఒక గ్రెనేడు ఆయన కుడి చేతిలోనే పేలింది. గురి పెట్టే చెయ్యి నుజ్జయిపోయింది. ఆయన ఆట ఎలాంటిదో తెలిస్తేనే ఆ నష్టం ఎంతటిదో అర్థమవుతుంది. అది ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు. 25 మీటర్ల దూరంలో వరుసగా 5 లక్ష్యాలు ఉంటాయి. ఒక్కోదాని మీద ఒక్కో గుండు చొప్పున అయిదూ కాల్చాలి. ఈనాటి నియమాల ప్రకారం మొదట 8 సెకన్లలో, తర్వాత 6లో, చివరికి 4 సెకన్లలో ఆ అయిదూ పూర్తి కావాలి. ఒంటి చెయ్యి చాచి, రెండో చేతి ఆసరా లేకుండా కాల్చాలి. వేలు ట్రిగ్గర్‌ను కాస్త కుదిపినా గుండు పక్కకు పోతుంది. ఏళ్ల తరబడి కుడి చేతికి నేర్పిన విద్య ఒక్క క్షణంలో పోయింది.

నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. గాయపడ్డ ఆటగాళ్లకు మందుల కన్నా కష్టమైన రోజులు ఇవే. తోటివాళ్లు మైదానంలో ఉంటారు, తాను మంచం మీద ఉంటాడు. చూడ్డానికి వచ్చినవాళ్లు జాలిగా మాట్లాడతారు. నిన్నటిదాకా ఫలానా ఆటగాడు అని పిలిపించుకున్నవాడు ఇప్పుడు తానెవరో తనకే తెలియని స్థితిలో పడతాడు. కోపం, దిగులు, భయం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఎముక అతకడానికి ఎన్నాళ్లు పడుతుందో డాక్టరు చెప్పగలడు. మనసుకు అలాంటి గడువు ఎవరూ చెప్పలేరు.

ఆసుపత్రి నుంచి వచ్చాక తకాచ్ ఎవరికీ చెప్పకుండా ఎడమ చేత్తో సాధన మొదలుపెట్టాడు. ఈ కథను చాలామంది ఒట్టి పట్టుదల కథగా చెబుతారు. నాకు అది సగమే అనిపిస్తుంది. పట్టుదల ఎంత ఉన్నా ఏమీ తెలియనివాడు కొద్ది నెలల్లో జాతీయ విజేత కాలేడు. పేలుడు ఆయన చేతినే తీసుకుంది. ఊపిరి ఎప్పుడు బిగబట్టాలో, చూపు ఎక్కడ నిలపాలో, ఒక లక్ష్యం నుంచి ఇంకోదానికి ఏ లయలో జరగాలో, ఆ జ్ఞానమంతా తలలో భద్రంగానే ఉంది. ఎడమ చెయ్యి కొత్త విద్యార్థి, కానీ దానికి దొరికిన గురువు పాతవాడు. పోయినదాన్నే తలచుకుంటూ కూర్చున్నవాడికి మిగిలినదేమిటో లెక్క తేలదు. తకాచ్ ఆ లెక్క త్వరగా తేల్చుకున్నాడు.

ఇక ఎందుకు దాచాడు అన్నది. నాకు తోచింది చెబుతాను. ఎవరూ చూడకపోతే తప్పిపోయిన గుండ్లను ఎవరూ లెక్కపెట్టరు, పాత తకాచ్‌తో పోల్చరు. మొదటి రోజుల్లో చెయ్యి వణికినా సిగ్గుపడే పని లేదు. (మీకు దెబ్బ తగిలితే మాత్రం పీటీ సారుకు చెప్పకుండా దాచకండి. ఆయన దాచింది సాధనను, గాయాన్ని కాదు.)

1939 వసంతంలో హంగరీ జాతీయ పిస్తోలు పోటీలకు వచ్చాడు. పరామర్శకు వచ్చాడనుకున్నారట తోటి ఆటగాళ్లు. పోటీలో దిగి, గెలిచి వెళ్లాడు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో నెగ్గిన హంగరీ జట్టులోనూ ఉన్నాడు.

అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940 ఒలింపిక్స్ మొదట టోక్యోకు, తర్వాత హెల్సింకికి ఇచ్చినవి. రద్దయ్యాయి. 1944వి లండన్‌కు ఇచ్చినవి, అవీ రద్దయ్యాయి. 1944-45 చలికాలంలో బుడాపెస్ట్ నగరమే ముట్టడిలో చిక్కింది. గ్రెనేడు గాయం కన్నా ఈ ఎదురుచూపే గట్టి పరీక్ష అని నా అభిప్రాయం. గాయమైతే ఈ వారం కన్నా వచ్చే వారం కాస్త మేలు అనుకోవచ్చు. రద్దయిన పోటీకి ఎంత సాధన చేసినా దగ్గర కాలేం. పైగా వయసు ఆగదు. ఆ ఏళ్లలో ఆయన పిస్తోలు పక్కన పెట్టేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

1948లో ఆటలు మళ్లీ లండన్‌లోనే జరిగాయి. తకాచ్‌కు 38 ఏళ్లు. అప్పటి ప్రపంచ విజేత, అర్జెంటీనాకు చెందిన కార్లోస్ డియాజ్ సాయెంజ్ వాలియెంటే ఆయనను చూసి ఆశ్చర్యపోయి, ఎందుకు వచ్చారని అడిగాడట. నేర్చుకోవడానికి వచ్చానని తకాచ్ బదులిచ్చాడు. 600కు 580 పాయింట్లతో కొత్త ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచాడు. రజతం అందుకున్న డియాజ్, మీరు నేర్చుకోవలసినంత నేర్చుకున్నారని ఆయనతో అన్నాడని చెబుతారు.

నాలుగేళ్లకు హెల్సింకి. ఈసారి 579. రెండో స్థానం 578 పాయింట్లతో సిలార్డ్ కున్‌ది. కున్ తకాచ్ దగ్గర శిక్షణ పొందినవాడే. గురువుకూ శిష్యుడికీ మధ్య ఒక్క పాయింటు! ర్యాపిడ్ ఫైర్‌లో రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మొదటి వ్యక్తి తకాచే. యుద్ధం ఆయనకు దక్కకుండా చేసిన రెండు నగరాలూ లండన్, హెల్సింకి అని గుర్తుంది కదా!

1956 మెల్‌బోర్న్‌లో ఎనిమిదో స్థానం వచ్చింది. అప్పటికి 46 ఏళ్లు. అయినా మానలేదు. 1958 ప్రపంచ పోటీల్లో సెంటర్ ఫైర్ పిస్తోలులో కాంస్యం తెచ్చుకున్నాడు. ఒకప్పుడు అధికారి కాదని జట్టు బయట నిలబెట్టిన సైన్యం నుంచి లెఫ్టినెంట్ కర్నల్‌గా పదవీ విరమణ చేశాడు. 1976 జనవరి 5న కన్నుమూశాడు.

2012లో ఒలింపిక్స్ మరోసారి లండన్‌కు వచ్చాయి. అదే 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో మన విజయ్ కుమార్ రజతం గెలిచాడు. ఆయన అప్పుడు మన సైన్యంలో సుబేదారు.