ఒంగోలు క్లౌ దొరగారు

మన ఇందుకూరుపేట నుండి మైపాడు సముద్రస్నానానికి వెళ్ళేవారందరికీ బకింగ్‌హాం కాలువ పరిచయమే. ఆ కాలువతో ముడిపడిన ఒక పాదిరీ దొరగారి జీవితాన్ని ఈ ప్రత్యేక సంచిక ద్వారా మిత్రులకు మనవి చేస్తున్నాను. ఆయన తవ్వించిన భాగం మన వైపుది కాదు, ఉత్తరాన ఒంగోలు వైపుది. అయితే 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనిదే కనుక ఆయన మన జిల్లా మనిషి అనే నా లెక్క.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో సర్వే పార్టీలో చేరి భూమి కొలతలు నేర్చారు. తరువాత చదువుకొని, బాప్టిస్టు మిషను తరఫున 1865లో నెల్లూరు చేరి తెలుగు మొదలుపెట్టారు. 1866లో ఒంగోలు వెళ్ళారు.

అక్కడికి ఆయనను వెతుక్కుంటూ ఒక అపరిచితుడు వచ్చారు. పేరు యర్రగుంట్ల పేరయ్య, ఊరు తాళ్ళకొండపాడు, కులం మాదిగ, వృత్తి తోళ్ళ వ్యాపారం. బండికట్ల వీరమ్మ అనే గురువమ్మ వద్ద ఉపదేశం పొంది, యోగసాధన చేసిన మనిషి. దేవుణ్ణి వెతకడంలో ఈ కొత్త పాదిరీకన్నా పాతకాపే అనాలి. పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఆ ఏడే బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరిలో దొరగారు ఒంగోలుకు 40 మైళ్ళ దూరంలోని వారి ఊరికి వెళ్ళి చింతతోపులో దిగితే, చుట్టుపక్కల పల్లెలవారు నాలుగైదు రోజులకు సరిపడా తిండి మూటలు కట్టుకొని వచ్చి ఆయన ఎదుట కూర్చున్నారట. వారిలో 28 మందికి అప్పుడు బాప్తిస్మమిచ్చారు.

ఈ కబురు ఒంగోలులో గడబిడ రేపింది. మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు తెగేసి చెప్పారు. ఏమి చేయాలో తోచక దొరగారు ఒక గదిలో, భార్య హారియట్ గారు మరొక గదిలో బైబిలు తెరిచారనీ, ఇద్దరికీ పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు, దేవుడు లోకంలో నీచులైనవారిని ఏర్పరచుకొన్నాడనే చోటు, కనిపించిందనీ చెబుతారు. దానితో ఆయన సందేహం తీరింది. పెద్దల ప్రాపకం మాత్రం పోయింది.

1876-78 కరువు వచ్చింది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనేవారు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని దొరగారు కంట్రాక్టు తీసుకొన్నారు. చిన్ననాటి సర్వే విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. మట్టి మోసి అలసి కూర్చున్నవారి పక్కన ఆ మేస్త్రీలు కూర్చొని కష్టసుఖాలు అడిగేవారు, ప్రార్థన చేసేవారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. దొరగారు ఒప్పుకోలేదు. కూటికోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు జరిగినన్నాళ్ళూ, సుమారు 15 నెలలు, ఒక్కరినీ చేర్చుకోలేదు.

నేను ఉద్యోగంలో ఎన్నో మస్టరు రోళ్ళు వ్రాశాను. మస్టరులో పేరున్నంతకాలం కూలివాడు మనం ఏమన్నా తల ఊపుతాడు. అతని మనసు తెలియాలంటే మస్టరు మూసిన తరువాత చూడాలి. దొరగారికి ఆ సంగతి తెలుసు.

1878 జూన్‌లో, సహాయం ఇక లేదని చెప్పి, తన సంఘస్థులను మాత్రమే గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి రమ్మన్నారు. రావద్దన్నవారు కూడా వచ్చారు. కాయలు కాసిన చేతులు చూపి, మాకు డబ్బు వద్దు, పని చేసుకొని బ్రతుకుతాము, పంట పోతే చస్తాము, క్రైస్తవులుగానే చస్తాము అన్నారట. ఈసారి కాదనడం ఆయన వల్ల కాలేదు. జులై 3వ తేదీ ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ సంవత్సరాంతానికి 9,606 మంది అయినారు.

క్లౌ గారు 1910లో అమెరికాలో కాలం చేశారు. వెల్లంపల్లిలో ఆ రోజు నీళ్ళలో నిలబడినది ఆరుగురు దేశీయ బోధకులు. ఇద్దరు అలసిపోతే మరి ఇద్దరు దిగేవారు. దొరగారు తన చేతుల మీదుగా ఒక్కరికీ ఇవ్వలేదు.