హాన్సు బెర్గరు

హృదయము కొట్టుకొనుటను చేతితో తాకి తెలిసికొనవచ్చును. మెదడు పనిచేయుట నట్లు తెలిసికొనలేము. మానవుని మెదడు తరంగములను మొట్టమొదట కాగితముపై గీయించిన వైద్యుడు హాన్సు బెర్గరు.

ఈయన 1873వ సంవత్సరము మే 21వ తేదీన జర్మనీలో కోబర్గు పట్టణసమీపమున జన్మించెను. నలదమయంతుల కథను జర్మను భాషలోనికి తెచ్చిన రూకెర్టు కవి ఈయన మాతామహుడు. యౌవనమున సైన్యములో నుండగా, ఒకనాడు గుఱ్ఱముపైనుండి పడి, ఫిరంగిబండి క్రింద నలుగక వెండ్రుకవాసిలో తప్పించుకొనెను. దూరముననున్న సోదరి యాదినముననే అకారణముగ కలతనొంది తండ్రిచే తంతి పంపించెను. తన భయము ఆమె మనస్సున కెట్లు చేరెనో కనుగొనగోరి, గణితాధ్యయనమును మాని, యేనా నగరమున వైద్యవిద్య నభ్యసించెను.

1924 జూలై 6న, శస్త్రచికిత్సా సమయమున, 17 ఏండ్ల యువకుని మెదడునుండి విద్యుత్తరంగములను గ్రహింపగలిగెను. అవి వోల్టులో లక్షవ వంతులతో కొలువవలసినంత స్వల్పములు. యంత్రదోషమేమోయని తానే శంకించి, పలుమారులు పరీక్షించి, 1929లో ప్రకటించెను. కన్నులు మూసి నెమ్మదిగ నున్నవానికి సెకనుకు సుమారు 10 తరంగములు వచ్చుననియు, కన్నులు తెరచినంతనే యవి యణగుననియు చూపెను. పండితులు పెక్కురు నమ్మరైరి. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియను, మాథ్యూసు అనువారలు ఆ పరీక్షను చేసి నిజమని తేల్చిన పిమ్మట లోకము అంగీకరించెను. మనస్సునుండి మనస్సునకు పోవు శక్తి యాయనకు దొరకలేదు. దొరకినది రోగుల పాలిటి వరమయ్యెను.

ఆయన జీవితమున మచ్చయు గలదు. నాజీల పాలనలో, రోగులకు బలవంతముగ సంతాననిరోధక శస్త్రచికిత్స విధించిన న్యాయసభలో సభ్యుడుగ కూర్చుండెను. 1938లో ఉద్యోగమును విరమించి, విషాదరోగమునకు లోనై, 1941 జూన్ 1న తన ప్రాణము తానే తీసికొనెను. బలహీనుల మేలునకు ఉపకరణము నిచ్చినవాడే బలహీనులకు కీడుచేసిన సభలో కూర్చుండుట శోచనీయము.

నేడు ఆ పరీక్ష తలకు దెబ్బ తగిలిన వృద్ధులకు మిగుల నుపయోగపడుచున్నది. వార్ధక్యమున మెదడు కొంత కుంచించుకొనుటచే, దానికిని కపాలమునకును నడుమనున్న రక్తనాళములు సాగి యుండును. స్వల్పముగ పడినను అవి తెగి, రక్తము మెల్లమెల్లగ చేరవచ్చును. ఆ రక్తమును సీటీ స్కాను చూపును. కాలుసేతులు కొట్టుకొనకయే మెదడులో లోలోపల సాగు మూర్ఛను తరంగముల పరీక్షయే బయటపెట్టును. అట్టి రోగి మాటలు తడబడుచు, మత్తుగ నుండును. సకాలమున కనుగొన్నచో మందులున్నవి.

విద్యార్థులారా! మీ యింట తాతగారో అవ్వగారో జారిపడి, కొన్ని వారముల పిమ్మటనైనను, మాట తడబడినచో వృద్ధాప్యమని విడువక వెంటనే వైద్యుని చూపింపుడు. అతిస్వల్పమైన సూచనను సైతము అలక్ష్యము చేయకుండుటయే బెర్గరు పరిశోధన మనకు నేర్పు పాఠము.