కార్ల్ జాన్‌స్కీ

రేడియో వినునపుడు పాటకు నడుమ గరగరమను చప్పుడు వినవచ్చుట మన విద్యార్థు లెఱిఁగినదే. అందఱును విసుగుకొను నట్టి చప్పుడునే ఓపికతో విని, అందు నక్షత్రలోకపు వార్తను కనుఁగొనిన యొక సజ్జనుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

కార్ల్ జాన్‌స్కీ 1905వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన అమెరికాలోని ఓక్లహోమా ప్రాంతమున నార్మన్ పట్టణములో జన్మించెను. తండ్రి ఇంజనీరింగు శాస్త్రమును బోధించు ఆచార్యుఁడు. కార్ల్ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము నభ్యసించి, 1928లో బెల్ టెలిఫోను ప్రయోగశాలలో ఉద్యోగమున ప్రవేశించెను. యౌవనముననే మూత్రపిండముల వ్యాధి యాతనిని పట్టుకొనెను. అయినను ఆతఁడు పనికి వెనుదీయలేదు.

ఆ కాలమున అట్లాంటిక్ సముద్రము మీదుగా రేడియోమూలమున టెలిఫోను మాటలు నడపుచుండిరి. ఆ మాటలకు అడ్డువచ్చు చప్పుడులు ఎచ్చటినుండి వచ్చుచున్నవో కనిపెట్టుట కార్ల్‌కు ఒప్పగింపఁబడిన పని. ఇందులకై ఆతఁడు న్యూజెర్సీలోని హోమ్‌డెల్ గ్రామమున సుమారు 100 అడుగుల పొడవు, 20 అడుగుల ఎత్తు గల యాంటెన్నాను నిర్మించి, దానిని నాలుగు ఫోర్డు కారు చక్రములపై నిలిపెను. అది 20 నిమిషముల కొకసారి చుట్టు తిరుగుచుండుటచే తోడివారు దానిని రంగులరాట్నమని పరిహాసమాడిరి.

చప్పుడులు మూఁడు విధములుగా తేలెను. మొదటిది సమీపపు ఉఱుముల వలనను, రెండవది దూరపు ఉఱుముల వలనను కలుగునది. మూఁడవది మిక్కిలి సన్నగా, ఎడతెగక బుస్సుమనుచుండెను. అది సూర్యునినుండి వచ్చుచున్నదని కార్ల్ మొదట తలఁచెను. కాని నెలలు గడచినకొలఁది ఆ ధ్వని సూర్యుని విడిచి తొలఁగిపోయెను. అది 24 గంటలకు గాక 23 గంటల 56 నిమిషములకు మరలివచ్చుచుండెను. నక్షత్రములు మరల అదే చోటికి వచ్చు కాలమిదియే గదా! కావున అది సూర్యకుటుంబమునకు వెలుపలిదని స్పష్టమయ్యెను. ఆ దిక్కు ధనూరాశి. మన పాలపుంతకు నడిబొడ్డు. ఈ సంగతిని 1933లో ఆతఁడు లోకమునకు ప్రకటించెను.

పత్రికలు మెచ్చుకొనెను గాని ఖగోళశాస్త్రజ్ఞులు అంతగా లక్ష్యపెట్టలేదు. ఇంకను శోధింపవలెనని కార్ల్ కోరినను, పై యధికారు లాతనిని వేఱు పనికి నియోగించిరి. ఆతఁడు ఆ పనిని శ్రద్ధతోనే నెరవేర్చెను. 1937లో గ్రోట్ రెబర్ అను యువకుఁడు తన పెరటిలో గిన్నెవంటి యాంటెన్నాను కట్టి ఈ శోధనను కొనసాగించెను.

1950 ఫిబ్రవరి 14వ తేదీన, 44 ఏండ్ల ప్రాయమున, కార్ల్ హృద్రోగముచే మరణించెను. ఆ యేఁటనే ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకున హాన్‌బరీ బ్రౌన్, హజార్డ్ అనువారు, సుమారు 25 లక్షల కాంతిసంవత్సరముల దూరముననున్న ఆండ్రోమెడా నక్షత్రమండలమునుండి వచ్చు అతిసూక్ష్మమైన రేడియోధ్వనిని పట్టిరి. నేఁడు అట్టి ధ్వనుల బలమును కొలుచు ప్రమాణమునకు జాన్‌స్కీ యనియే పేరు.

మొదటి రెండు చప్పుడులతో తృప్తిపడియున్నచో కార్ల్‌ను తప్పుపట్టువారు లేకపోయిరి. ఆ మూఁడవదానిని విడిచిపెట్టక వినుటయే ఆతని గొప్పతనము. మన విద్యార్థులును తమకు ఒప్పగింపఁబడిన చిన్నపనులయందు ఇట్టి నమ్మకమునే చూపుదురుగాక యని కోరుచున్నాము.