కాంతారావు (సినిమా నటుడు)

తాడేపల్లి లక్ష్మీ కాంతారావు (నవంబరు 16, 1923 - మార్చి 22, 2009) తెలుగు సినిమా నటుడు, నిర్మాత. జానపద చిత్రాలలో కత్తియుద్ధ వీరునిగా ప్రసిద్ధి పొంది, ప్రేక్షకులచే కత్తి కాంతారావు అని పిలువబడ్డాడు. నాలుగు వందలకు పైగా చిత్రాలలో నటించాడు.

బాల్యం

కాంతారావు కోదాడ సమీపంలోని గుడిబండ గ్రామంలో జన్మించాడు. అప్పట్లో ఇది నిజాం రాజ్యంలోని నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 నుండి సూర్యాపేట జిల్లాలో ఉంది. చిన్ననాటి నుండి నాటకాలపై మక్కువ ఉండడంతో సినిమా అవకాశాలు వెతుక్కుంటూ మద్రాసు చేరుకున్నాడు. తెలంగాణా ప్రాంతం నుండి తెలుగు సినిమాలో కథానాయకునిగా నిలదొక్కుకున్న తొలి తరం నటులలో ఆయన ఒకడు.

సినీ జీవితం

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి కాంతారావును ప్రోత్సహించాడు. 1953లో రెడ్డి నిర్మించిన ప్రతిజ్ఞ చిత్రంతో కథానాయకుడయ్యాడు. ప్రతినాయకునిగా రాజనాలకూ అదే తొలి చిత్రం కావడం విశేషం. తరువాతి కాలంలో వీరిద్దరి కత్తియుద్ధం లేని జానపద చిత్రం అరుదనిపించేది. 1955లో ఎన్.టి.రామారావు కథానాయకునిగా వచ్చిన జయసింహలో కాంతారావు ముఖ్యపాత్ర ధరించాడు.

ఆయనకు స్థిరమైన స్థానం కల్పించినవాడు దర్శక నిర్మాత బి.విఠలాచార్య. జయవిజయ (1959), కనకదుర్గ పూజామహిమ (1960), మదనకామరాజు కథ (1962), గురువును మించిన శిష్యుడు (1963), నవగ్రహ పూజామహిమ (1964), జ్వాలాద్వీప రహస్యం (1965) వీరి కలయికలో వచ్చాయి. మాంత్రికులు, గుహలు, రూపం మారే రాకుమారులు ఈ కథలలో ప్రధానం. విఠలాచార్య తక్కువ ఖర్చుతో, వేగంగా చిత్రాలు తీసేవాడు. పెద్ద తారల కాల్షీట్లకై వేచి ఉండనవసరం లేని కాంతారావు ఈ పద్ధతికి చక్కగా సరిపోయాడు. ఎన్టీఆర్, ఏఎన్నార్ల యుగంలో ఆయన ప్రత్యేకత నిలుపుకోవడానికి ఇది ముఖ్య కారణమనవచ్చు.

కత్తి వీరునిగానే గుర్తుండిపోయినా, పౌరాణికాలలో ఆయన నటన తక్కువైనది కాదు. నర్తనశాల (1963)లో శ్రీకృష్ణుడు, అదే ఏడాది విడుదలైన లవకుశలో లక్ష్మణుడు ఆయనే. సీతారామ కళ్యాణం (1961), శ్రీకృష్ణ తులాభారం (1966) చిత్రాలలో నారదునిగా నటించాడు. సీతను అడవిలో విడిచి వచ్చే ఘట్టంలో లక్ష్మణుని వేదన, కత్తి పట్టని కాంతారావు ఎంతటి నటుడో తెలుపుతుంది.

నిర్మాతగా

1969లో సప్తస్వరాలు, గండర గండడు చిత్రాలను నిర్మించాడు. ఆ పిమ్మట ప్రేమజీవులు (1971), గుండెలు తీసిన మొనగాడు (1974) తీశాడు. చిత్ర నిర్మాణం ఆయనను నష్టాలలో ముంచింది. నటనతో సంపాదించిన ఆస్తిలో అధికభాగం హరించుకుపోయింది. అప్పటికి సాంఘిక చిత్రాలు, రంగుల చిత్రాలు రాజ్యమేలుతుండగా, నలుపు తెలుపు జానపదాల కాలం ముగిసింది. నష్టాన్ని పూడ్చుకోవడానికి తోడ్పడవలసిన కథానాయక పాత్రలు సరిగ్గా ఆ సమయంలోనే దూరమయ్యాయి. 1989లో స్వాతిచినుకులు చిత్రంతో మరల నిర్మాణానికి పూనుకున్నా పరిస్థితి మారలేదు.

చివరి రోజులు

ఒకనాడు వెండితెర రాజ్యాలను ఏలిన కాంతారావు వృద్ధాప్యంలో చిన్న పాత్రలతోను, టెలివిజన్ ధారావాహికలతోను జీవనం సాగించాడు. ఆర్థిక ఇబ్బందులు కడవరకు వీడలేదు. 2000 సంవత్సరానికి గాను రాష్ట్రప్రభుత్వం ఆయనకు రఘుపతి వెంకయ్య పురస్కారాన్ని ప్రకటించింది. కాన్సర్ వ్యాధితో 2009 మార్చి 22న హైదరాబాదులో, 85 ఏళ్ల వయసులో మరణించాడు.